వార్తల వేళకు తగ్గిన గొంతు

నాకు మొదటినుంచీ అనుమానం జాస్తి. పాలవాడు పాలు కొలుస్తుంటే అందరూ సోల వైపు చూస్తారు, నేను అతని మొహం వైపు చూస్తాను. ఇంటికి తాళం వేసి, నాలుగడుగులు నడిచి, వెనక్కి వచ్చి మరోసారి లాగి చూసుకుంటే తప్ప వీధి దాటలేను. రేడియో కేంద్రంలో సాంకేతిక విభాగంలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేశాను గనక, ఈ గుణం ఉద్యోగానికి బాగా పనికొచ్చి ఉంటుందని తెలిసినవాళ్ళు అంటూ ఉంటారు. యంత్రాల దగ్గర పనిచేసేవాడు దేన్నీ నమ్మకూడదని నేను కూడా కొత్తవాళ్ళకు చెబుతూ వచ్చాను. ఆ మాట చెప్పిన ప్రతిసారీ ఒక సంగతి మాత్రం దాచిపెట్టాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకైనా అది తెలియాలి.

నలభైల చివరి మాట. విజయవాడను అప్పుడు అందరం బెజవాడ అనేవాళ్ళం. స్వరాజ్యం వచ్చి ఎంతో కాలం కాలేదు, ఊళ్ళో రేడియో కేంద్రం ఇంకా కొత్త. ఒక అద్దె బంగళాలో స్టూడియో, దాన్ని ఆనుకుని ఒక గాజు కిటికీ ఇవతల మా కంట్రోల్ రూము. మాటను గాలిలోకి వదిలే ట్రాన్స్‌మిటరు మాత్రం ఊరికి దూరంగా, కంకిపాడు దారిలో వరిచేల మధ్య ఉండేది. ఈ రెంటికీ నడుమ బందరు కాలవ గట్టు వెంట స్తంభాల మీద ఒక జత తీగలు. స్టూడియోలో మాట్లాడిన మాట మా గదిలో బలం పుంజుకుని, ఆ తీగల మీద పోయి, అక్కడినుంచి ఊళ్ళకు చేరేది. పల్లెల్లో సాయంత్రం పూట పంచాయతీ రేడియో చుట్టూ చేరి వార్తలు వినడం కొత్త అలవాటుగా ఉన్న రోజులు.

ఊళ్ళో గాలి కూడా అనుమానపు గాలే. ఒక పార్టీ మీద నిషేధం ఉండేది. ఆ పార్టీ వాళ్ళు ఎక్కడెక్కడో తలదాచుకుంటూ ఉండేవాళ్ళు, వాళ్ళను వెతుకుతూ తెల్లచొక్కాల పోలీసులు తిరిగేవాళ్ళు. కాఫీ హోటల్లో కొత్త మనిషి వచ్చి కూర్చుంటే పక్క బల్ల మీద మాటలు ఆగిపోయేవి. ఎవరి ఇంటికి ఎవరు వచ్చారో, ఎన్ని రోజులున్నారో లెక్కపెట్టే కళ్ళు ప్రతి వీధిలోనూ ఉండేవి. నాబోటి వాడికి అలాంటి రోజుల్లో బతకడం పెద్ద కష్టమనిపించలేదు. అందరూ నాలాగే తయారయ్యారని కొంచెం ఊరటగా కూడా ఉండేది.

కంట్రోల్ రూములో నాతోపాటు ఇంకొక టెక్నీషియన్ ఉండేవాడు. నాకంటే మూడేళ్ళు పెద్ద. బందరు దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో చేపలు పట్టుకుని బతికే కుటుంబం వాళ్ళది. యుద్ధంలో నౌకాదళంలో చేరి అక్కడే వైర్‌లెస్ పని నేర్చుకున్నాడు. నేనేమో మగ్గాల ఊరివాణ్ణి. మా ఇంట్లో తాతల నాటి నుంచీ నేతపనే. అయినా నన్ను చదివించారు, పరీక్షలు ప్యాసై సర్టిఫికెట్లతో వచ్చాను. అతని దగ్గర సర్టిఫికెట్లు లేవు, చేతిలో పని ఉంది. అతనికి పని బాగా వచ్చునని నాకు తెలుసు. తెలిసినందువల్లే లోలోపల కొంచెం గుర్రుగా ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గు లేదు. పైకి మాత్రం స్నేహంగానే ఉండేవాళ్ళం. ఒకరినొకరు నువ్వు అనే పిలుచుకునేవాళ్ళం.

అతనికి ఒక అలవాటుండేది. ఏ తీగ కొనగానీ, స్క్రూ గానీ పాడైందని అనుమానం వస్తే వేలితో తుడిచి నాలిక మీద పెట్టుకునేవాడు. సముద్రం మీద యంత్రాలకు మొదటి శత్రువు ఉప్పేననీ, కంటికంటే ముందు నాలిక పసిగడుతుందనీ అనేవాడు. నాకది చూస్తే వెగటుగా ఉండేది.

ఇక్కడ యంత్రం గురించి కొంచెం చెప్పాలి. మా గదిలో జాక్ ప్యానెల్ అని ఒక పలక ఉండేది. దాని నిండా వరసలుగా చిన్న రంధ్రాలు. రంధ్రంలో ఏమీ గుచ్చకపోతే పలక వెనకాల రెండు సన్నటి స్ప్రింగు రేకులు ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి, శబ్దం ఆ రేకుల మీదుగా దానంతటది ముందుకు పోతుంది. పై రంధ్రానికీ కింది రంధ్రానికీ ఒక తీగ గుచ్చితే ఆ రేకులు విడిపోతాయి, శబ్దం తీగలోంచి పోతుంది. రెండూ సరైన పద్ధతులే. నేను మాత్రం ఎప్పుడూ తీగలే గుచ్చేవాణ్ణి. వెనకాల కంటికి కనపడని రేకులు తాకుతున్నాయో లేదో ఎవరు చూశారు? తీగైతే ఎదురుగా కనిపిస్తుంది. డ్యూటీ దిగేటప్పుడు నా తీగలు నేను పీకి, చుట్టచుట్టి, నా బీరువాలో పెట్టి తాళం వేసుకునేవాణ్ణి. అతను తీగ ముట్టేవాడు కాదు. ఓడలో వేలాడే తీగకు ఎవరి భుజమో తగిలి ఊడితే ప్రాణాల మీదికి వస్తుంది గనక, అవసరం లేని తీగ గుచ్చవద్దని వాళ్ళకు నేర్పారట. నా తీగల తోరణాలు చూసి, ఇవాళ పెళ్ళెవరికయ్యా అని ఆటపట్టించేవాడు.

వారానికొకసారి ఆ రేకుల మధ్య దుమ్ము తుడిచే పని నాది. అందుకు వాడాల్సిన మెత్తటి తోలుముక్క మద్రాసు నుంచి రావాలి. కావాలని రాసి నెలలు గడిచినా రాలేదు. ఊళ్ళో దొరికే పాతగుడ్డ పీలికల్ని నేను నమ్మలేదు, ఎవరి ఒంటి చెమటో ఏమో. మగ్గం మీంచి అప్పుడే దిగిన కోరా బట్ట ఒక గజం మా నాన్న దగ్గర అడిగి తెచ్చుకున్నాను. దాన్ని నాడాల్లా సన్నగా చింపి, స్పిరిట్లో తడిపి, రేకుల మధ్య దూర్చి ఇటూ అటూ లాగేవాణ్ణి. ఒక్క పోగు ఊడేది కాదు, ఒక్క నూగు రాలేది కాదు. ఇంజనీరు గారు చూసి మెచ్చుకున్నారు. మా నాన్న నేసిన బట్ట ప్రభుత్వ యంత్రంలో దూరిందని నేను ఇంటికి ఉత్తరం కూడా రాశాను.

వానలు మొదలయ్యాక జబ్బు బయటపడింది. సాయంత్రం ప్రసారం మొదలైనప్పుడు శబ్దం బాగానే ఉండేది. గంట, గంటన్నర గడిచి సరిగ్గా వార్తల సమయం దగ్గరపడేసరికి శబ్దం బలం, మా భాషలో లెవెలు, పడిపోయేది. కంట్రోల్ రూములో మీటరు ముల్లు మాత్రం ఎక్కడ ఉండాలో అక్కడే ఆడేది. పొలాల మధ్య ట్రాన్స్‌మిటరు దగ్గరున్న ఆయన ఫోను చేసి, నాకు సగమే వస్తోందండీ అనేవాడు. అక్కడ ఆయన బలం పెంచితే మాటతోపాటు బరబర కూడా పెరిగేది. దివిసీమ నుంచి ఒక కరణం గారు కార్డు రాశారు, మీ వార్తలు చదివే ఆయనకు రోజూ ఆ వేళకే నీరసం వస్తోందా అని. మొదట మా ఇంజనీరు గారు కూడా అదే అనుకున్నారు. పాపం ఆ వార్తలు చదివే ఆయనకు నాలుగు రోజులు మిరియాల పాలు తాగించారు. ఆయన గొంతు స్టూడియోలో ఖంగుమంటూనే ఉంది, ఊళ్ళలో పీలగానే ఉంది.

తరవాత తీగలను అనుమానించాం. కాలవ గట్టున ఎవరైనా తీగకు తీగ కలిపి దొంగచాటుగా వింటున్నారేమోనని, మా కేంద్రాన్ని కనిపెట్టి ఉండే తెల్లచొక్కా పోలీసు ఆయనకు సందేహం. లైను వాళ్ళు వచ్చి స్తంభం స్తంభం చూశారు. మా పలకకు తమ మీటరు గుచ్చి పరీక్షించి, ఏ లోపమూ లేదని రాసిచ్చి పోయారు. మా ఇంజనీరు గారూ రెండుసార్లు పరిగెత్తుకొచ్చి మీటరు గుచ్చారు. గుచ్చగానే జబ్బు మాయమయ్యేది. ఆయన అటు వెళ్ళిన కాసేపటికి మళ్ళీ ట్రాన్స్‌మిటరు నుంచి ఫోను.

అప్పుడు నేను ఒక చిన్న నోటుపుస్తకం పెట్టాను. లెవెలు పడిన ప్రతి సాయంత్రం గుర్తు వేసుకున్నాను. పదకొండు సాయంత్రాలు పడింది, పదకొండూ నాతోటి ఆ టెక్నీషియన్ డ్యూటీలే. మధ్యలో అతనికి జ్వరమొచ్చి ఒక వారం సాయంత్రాలు నేను చేస్తే, లెవెలు గీత గీసినట్టు నిలబడింది. అతను తిరిగొచ్చిన రెండో రోజే మళ్ళీ పడింది. అతని లాగ్ బుక్కులో లెవెలు పూర్తిగా ఉందని రాసి ఉంటుంది, ట్రాన్స్‌మిటరు పుస్తకంలో సగమని ఉంటుంది. అధికారి గదిలోకి రాగానే సరిపోతుంది, పోగానే పాడవుతుంది. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఇంతకంటే పొగ ఎక్కడుంటుంది?

పైగా అతని తమ్ముడు అజ్ఞాతంలో ఉన్నాడని మాకందరికీ తెలుసు. నిషేధం ఉన్న పార్టీలోనే. సర్కారు వార్తలు పల్లెల్లో సరిగా వినపడకుండా చేస్తే ఎవరికి లాభం? ఈ ప్రశ్న మొదట అడిగింది తెల్లచొక్కా ఆయన కాదు, నేను. నా నోటుపుస్తకంలో ఇప్పటికీ ఉంది ఆ వాక్యం.

ఒక మధ్యాహ్నం అతను సెలవు పెట్టి వెళుతుంటే వెనకాలే వెళ్ళాను. గొడుగు అడ్డం పెట్టుకుని, బజారులో అరటిపళ్ళు బేరమాడుతున్నట్టు నటిస్తూ వెళ్ళాను. కాలవ లాకుల దగ్గర అతను ఆగి, బందరు పోయే పడవలో ఒక మనిషికి పాతపేపర్లో చుట్టిన పొట్లం ఇచ్చాడు. చెవిలో ఏదో చెప్పాడు. పడవ కదిలేదాకా చుట్టూ చూస్తూ నిలబడ్డాడు. నేను తిరిగి వస్తూ, కొన్న అరటిపళ్ళన్నీ దారిలోనే తినేశాను, అంత కంగారుగా ఉంది నాకు.

మా ఇంజనీరు గారు మద్రాసు నుంచి వచ్చిన మనిషి. మంచివారే, కానీ నోటిమాటకు విలువ ఇచ్చేవారు కాదు. ఏది చెప్పబోయినా చెయ్యి అడ్డంపెట్టి, రాసివ్వండి అనేవారు. రాసిచ్చాను. తేదీలు, వేళలు, పొట్లం, పడవ, తమ్ముడు, అన్నీ రెండు పేజీల్లో నా అందమైన దస్తూరీతో రాసిచ్చాను. ఆయన దాన్ని పైకి పంపారు. ఆ కాగితం ఇచ్చిన రోజు నుంచీ అతనితో మాట్లాడటం నాకు ఇబ్బందిగా ఉండేది. డ్యూటీ మార్చుకునేటప్పుడు చెప్పాల్సిన నాలుగు ముక్కలు మర్యాదగా చెప్పి బయటపడేవాణ్ణి.

వారం తిరగకుండా ఒక సాయంత్రం తెల్లచొక్కా ఆయన నేరుగా కంట్రోల్ రూములోకే వచ్చి కుర్చీ వేసుకున్నాడు. ఇంజనీరు గారు మీటరు పట్టుకుని నిలబడ్డారు. నాకు డ్యూటీ లేకపోయినా ఉండమన్నారు. ఎందుకు ఉండమన్నారో నాకు తెలుసు, అతనికి తెలియదనుకున్నాను. అతను మమ్మల్ని ముగ్గురినీ ఒకసారి చూసి, తన కుర్చీలో తాను కూర్చుని, మీటరు ముల్లు మీద కళ్ళు పెట్టాడు. బయట సన్నగా వాన పడుతోంది. మొదటి గంట ఏమీ జరగలేదు. గాజు అవతల ఒకామె పాట పాడి వెళ్ళిపోయింది, వార్తల ఆయన వచ్చి కూర్చుని కాగితాలు సర్దుకున్నాడు. ఆయన నోరు తెరిచిన రెండు నిమిషాలకు ఫోను మోగింది.

"సగానికి పడిపోయిందండీ," అన్నాడు ట్రాన్స్‌మిటరు ఆయన.

ఇంజనీరు గారు మీటరు తీగ పట్టుకుని పలక దగ్గరికి ఒక్క అంగ వేశారు. అతను లేచి చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీటరు గుచ్చమాకండి సార్. గుచ్చితే పారిపోద్ది."

తెల్లచొక్కా ఆయన కుర్చీలోంచి లేచాడు. ఏం పారిపోతుందని అడిగాడు.

"జబ్బండీ. ఇన్నాళ్ళూ మనం గుచ్చినప్పుడల్లా రేకులు విడిపోయి మళ్ళీ అతుక్కుంటన్నాయి, కాసేపు బాగుంటంది. మనం దాన్ని చూడబోయి మనమే బాగుచేసి పోతన్నాం. ఇవాళ ముట్టుకోకుండా చూడనివ్వండి."

పలక వెనకాల మూత అతను ముందే ఊడదీసి ఉంచుకున్నాడు. టార్చి నోట కరుచుకుని, మూలనున్న చీపురు లోంచి ఒక పుల్ల విరిచి తీసుకుని వెనక్కి దూరాడు. కాలవ తీగలకు పోయే రంధ్రం వెనకాల రేకును ఆ పుల్లతో మెల్లగా నొక్కాడు. ఫోను నా చేతిలో ఉంది. వచ్చిందండీ, పూర్తిగా వచ్చింది, అంటోంది అవతలి గొంతు. పుల్ల తీశాడు. పోయిందండీ. మళ్ళీ నొక్కాడు. వచ్చిందండీ. గాజు అవతల వార్తల ఆయన ఇదేమీ ఎరగకుండా వాన కబురు చదువుతున్నాడు. మా మీటరు ఆ రేకులకు ముందు ఉంది, అందుకే మాకు ఎప్పుడూ లోటు కనపడలేదు. అదీ ఆ క్షణంలోనే నాకు తట్టింది.

అప్పుడు అతను నా వైపు చెయ్యి చాచాడు, తీగ ఇవ్వమని. బీరువా తాళం తీసి ఇచ్చాను. నా పద్ధతిలోనే తీగ గుచ్చి, శబ్దాన్ని ఆ దారిన పంపి, ఖాళీ అయిన రేకుల మధ్య తీరిగ్గా పుల్లతో గీకాడు. తెల్లగా సన్నటి పొర ఒకటి ఊడి పుల్లకు అంటుకుంది. అలవాటు ప్రకారం నాలిక మీద పెట్టుకున్నాడు.

"ఉప్పనుకున్నా. ఉప్పు కాదు, చప్పగా ఉంది," అని ఆ పుల్ల నాకు అందించాడు. "నువ్వు చూడు."

జన్మలో మొదటిసారి ఒక యంత్రం మురికిని నాలికతో ముట్టుకున్నాను. ముట్టగానే తెలిసిపోయింది. తెల్లవారకముందే మా వీధిలో పడుగు చాపి, మా నాన్న ఒక పక్క, మా పెదనాన్న ఒక పక్క కుంచెలతో గంజి పట్టించేవాళ్ళు. ఆ కుంచె కడగడం చిన్నప్పుడు నా పని. ఆ గంజి రుచి నాకు అన్నం రుచి కంటే ముందు తెలుసు. కోరా బట్టకు గంజి ఉంటుందనీ, ఉతక్కుండా దేనికీ వాడకూడదనీ మా కృష్ణా జిల్లాలో ఆడపిల్లలకు కూడా తెలుసు. కానీ నేతవాడి ఇంట్లో గంజిని మురికి అనుకోరు. గంజి అంటే పోగుకు బలం, బట్టకు నిగ్గు. వారం వారం నేను శుభ్రం చేస్తున్నాననుకుంటూ ఆ రేకులకు గంజి పట్టిస్తూ వచ్చాను. వానగాలి తగిలి అది ఉబ్బి, రేకుల్ని ఒకదానికొకటి అందకుండా చేస్తోంది. నేను తీగలు గుచ్చుకున్నాను గనక నా డ్యూటీలో పడలేదు. నేను శుభ్రం చేసిన దారిని నమ్మి అందులోంచి పంపినవాడి డ్యూటీలో పడింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

"ఏమిటది?" అని ఇంజనీరు గారు నన్ను అడిగారు.

"తెలియదండీ," అన్నాను.

ఎందుకన్నానంటే భయపడి అన్నాను. రెండు పేజీలు రాసిచ్చిన చేతితోనే గంజి పూశానని ఆ గదిలో, ఆ మనిషి ముందు చెప్పుకునే ధైర్యం నాకు లేకపోయింది. ఆలోచించుకుని అన్న మాట కాదు. కానీ అన్నాక వెనక్కి తీసుకోవడానికి కావలసినంత సమయం ఉంది, తీసుకోలేదు.

"అంటే ఎవరో పూశారన్నమాట. ఈ గదిలోకి ఎవరెవరు వస్తారు?" అన్నాడు తెల్లచొక్కా ఆయన.

"మేమిద్దరమేనండీ," అన్నాడు అతను. నా వైపు చూడలేదు.

జబ్బు ఎక్కడుందో కనిపెట్టినందుకు అతను బయటపడాల్సింది. దాని బదులు ఇంకా లోతుకు దిగాడు. ఎవరికీ కనపడని లోపాన్ని చీకట్లో చీపురు పుల్లతో సూటిగా పట్టాడంటే, పెట్టినవాడికి తప్ప ఎలా తెలుస్తుందన్నాడు తెల్లచొక్కా ఆయన. ఒకసారి పోలీసు స్టేషనుకు వచ్చి వెళ్ళమన్నాడు. అతను లాగ్ బుక్కు సగంలో ఆపి, పెన్ను మూత పెట్టి, మిగిలిన డ్యూటీ నన్ను చూడమన్నాడు.

"ఆ తీగ తియ్యమాకు. ఉండనీ," అని మాత్రం చెప్పి వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే కోరా బట్ట మిగిలిన ముక్క, టింక్చర్ అయొడిన్ సీసా పట్టుకుని ఇంజనీరు గారింటికి వెళ్ళాను. ఆయన ముందే బట్ట మీద చుక్క వేశాను. గంజి తగిలితే మారేటట్టే నల్లటి నీలంగా మారింది. పుల్ల మీది పొర మీద వేశాను, అదీ అలాగే మారింది. నేనే చేశానని చెప్పాను. ఆయన ఆ నీలం మరకను వెలుతురులో పెట్టి చూసి, అలవాటైన మాటే అన్నారు, రాసివ్వండి అని. రాసిచ్చాను. ఈసారి ఒక పేజీ సరిపోయింది. ఆయన దాన్ని కూడా పైకి పంపారు. స్టేషనుకు స్వయంగా వెళ్ళి మాట్లాడారు కూడా. రెండు రోజుల తరవాత అతన్ని వదిలిపెట్టారు.

నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. నా తప్పు నేను ఒప్పుకున్నాను గనక అంతా చక్కబడిందనుకున్నాను. మూడు వారాలకు మద్రాసు నుంచి రెండు కవర్లు వచ్చాయి. ఒకటి నాకు, ఇకముందు శుభ్రపరిచే సామగ్రి విషయంలో తగు జాగ్రత్త వహించవలెనని మందలింపు. రెండోది అతనికి. తాత్కాలిక నియామకం గనక ఇకపై సేవలు అవసరం లేదని. కారణం రాయలేదు.

నేను ఇంజనీరు గారి గదిలోకి దాదాపు పరిగెత్తాను. నా రెండో కాగితం వాళ్ళు చదవలేదా అని అడిగాను.

"చదివారు. మీ రెండో కాగితం యంత్రం గురించి. మొదటిది మనిషి గురించి. యంత్రం ఫైలు మూసేశారు. మనిషి ఫైలు వేరే బల్ల మీద ఉంది," అన్నారాయన. మొదటిది వెనక్కి తీసుకుంటానన్నాను. పైకి వెళ్ళిన కాగితం వెనక్కి రావడం తన సర్వీసులో చూడలేదన్నారు.

అతను తన టార్చి, కటింగ్ ప్లయరు తీసుకుపోవడానికి ఒక ఉదయం వచ్చాడు. నేను ఒక్కణ్ణే ఉన్నాను. ఏం మాట్లాడాలో వారం రోజులుగా కూడబలుక్కుంటున్నాను గానీ, అతను కనపడేసరికి అంతా మరిచిపోయాను. నిలబడి, ఆ కాగితం రాసింది నేనేనన్నాను.

"తెలుసు," అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? నెల రోజుల్నించీ నన్ను మీరు, మీరు అంటన్నావు."

ఆ పొట్లం సంగతి అడగకుండా ఉంటే బాగుండేది, కానీ నా గుణం నాది, అప్పుడు కూడా అడిగాను. అతనికి నవ్వొచ్చింది. వల అల్లుకునే నూలట. నూలు మీద కంట్రోలు ఉన్న రోజులు. వాళ్ళ నాన్న వల చిరిగిపోతే ఊళ్ళో ఎక్కడెక్కడో తిరిగి, చాటుగా రెండు చిలపలు సంపాదించి పంపాడు. దొరికితే కేసు గనక చుట్టూ చూసుకున్నాడు.

"మీ నాన్ననడిగితే ఇస్తాడేమోననుకున్నా. నువ్వు ఇబ్బంది పడతావని అడగలా," అన్నాడు. తమ్ముడు ఎక్కడున్నాడో తనకూ తెలియదని నేను అడగకుండానే చెప్పాడు. వాడు బతికుంటే చాలన్నాడు.

తరవాత లాగ్ బుక్కు అడిగాడు. ఆ సాయంత్రం తను సగంలో ఆపిన పేజీ అలాగే ఉంది. సగం రాసిన పేజీ వదిలిపెట్టి పోవడం తనకు చేతకాదన్నాడు. ఆ పుస్తకంలో ప్రతి లోపానికీ నాలుగు గడులుంటాయి. లోపం అన్న గడిలో, వార్తల సమయానికి లెవెలు సగానికి తగ్గుట అని రాశాడు. కారణం అన్న దాంట్లో, కొత్త గుడ్డలోని గంజి. తీసుకున్న చర్య, గుడ్డను రెండుసార్లు నీళ్ళలో నానబెట్టి ఉతికిన తరవాతనే వాడవలెను. నాలుగో గడి బాధ్యులు. అక్కడ పెన్ను ఆపి ఒక్క క్షణం నా వైపు చూశాడు. ఒక అడ్డగీత గీశాడు. కింద సంతకం పెట్టి పుస్తకం నా ముందుకు తోశాడు. రెండో సంతకం లేనిదే పేజీ చెల్లదు గనక.

ఆ గీత కొట్టేసి నా పేరు రాయడానికి కావలసినంత చోటు ఉంది. పెన్ను నా చేతిలోనే ఉంది. నేను సంతకం పెట్టి పుస్తకం మూశాను.

అతను మళ్ళీ సముద్రం వైపే వెళ్ళిపోయాడని విన్నాను. పడవల ఇంజన్లు బాగుచేస్తున్నాడని ఒకరు, బొంబాయి ఓడల్లో చేరాడని ఇంకొకరు చెప్పారు. ఏది నిజమో వెళ్ళి చూడలేదు. ఊరికే తాళం లాగి చూడటానికి వెనక్కి వచ్చే మనిషిని, ఆ పని మాత్రం చేయలేదు. అతను రాసిన మూడో గడి మాటను తరవాత ఎవరో అట్టముక్క మీద రాసి పలక పక్కన తగిలించారు. అట్ట పాతబడితే మళ్ళీ కొత్త అట్ట మీద ఎత్తి రాశారు. నేను రిటైరయ్యేనాటికి కూడా అది అక్కడే ఉంది. గుడ్డ ఉతకడం గురించి ఇంత గట్టిగా ఎందుకు రాశారండీ అని ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు అడిగేవాళ్ళు. పాత రూలు, పాటించండి అనేవాణ్ణి.

ఇన్నేళ్ళకు ఆ నాలుగో గడి నింపుదామని కూర్చుని మీకు ఇదంతా రాశాను. రాయడం అయ్యాక, అలవాటు కొద్దీ అనుమానం వచ్చి, మొదటినుంచీ మళ్ళీ చదివి చూసుకున్నాను. ఇందులోనూ ఎక్కడా నా పేరు లేదు.